రంబుతాన్ కొమ్మకు మా సౌండ్ డ్రైవర్

నిన్న నా ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాను. అది పూర్తవుతూనే టింగుమని మోగింది! అదిరిపడ్డాను. సీడీ అడగకుండా సౌండ్ రావడమేమిటి?

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ మూగబోయేది, డ్రైవర్ సీడీ వేస్తేగానీ నోరు తెరిచేది కాదు.

మలేసియాలోని మా ఊరు సుంగై సిపుట్‌లో, మా ఇంట్లో ఓసారి సరిగ్గా ఆ సీడీయే మాయమైంది. తమ్ముడే పోగొట్టాడని వాడి వీపు మీద రెండు బాదాను.

"నాను తియ్యలేదక్కా, ఒట్టు!" అని ఏడ్చాడు. నమ్మితేగా!

మూడో రోజు పెరట్లో పళ్ల కోసం తలెత్తాను. రంబుతాన్ కొమ్మకు పురికొసతో కట్టిన మా సీడీ, ఎండలో మిలమిలా మెరుస్తూ గిరగిరా తిరుగుతోంది!

"ఏటే, అలగ సూస్తన్నావు? పిట్టలు పళ్లు తినేస్తన్నాయని నానే కట్టినాను లా," అంది నాయనమ్మ తాపీగా, అక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలిస్తూ.

దింపి, గౌను అంచుతో తుడిచి కంప్యూటర్‌లో పెట్టాను. డ్రైవర్ ఎక్కి అది ఒక్కసారిగా మోగేసరికి నాయనమ్మ ఉలిక్కిపడింది.

పక్కనే ఉన్న తమ్ముడు మాత్రం వారం దాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.