రాతి మీద అలలు చూపించిన సార్

రాళ్ళ సార్ పోయారని బుధవారం పొద్దున కబురు వచ్చింది. తిరుపతి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే, ఏ బాధా లేకుండా వెళ్ళిపోయారట. నేను అప్పుడు నగరిలో ప్రవచనానికి బయలుదేరుతున్నాను. ఆ రోజు చెప్పాల్సిన ఘట్టం పక్కన పెట్టి గంటన్నర ఆయన గురించే చెప్పాను. ఏడవలేదు. ఏడిపించే మనిషి కాదాయన, నిండుగా బతికి వెళ్ళారు. ఆ రోజు గొంతు చించుకుని చెప్పిన మాటే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

ఆయన కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. నేనేమో ఎనిమిదో తరగతితో బడి మానేసి, పవర్‌లూమ్ నడుపుతూ, పక్కన గ్రంథం తెరిచిపెట్టుకుని ఒక్కో పద్యం కంఠతా పట్టినవాణ్ణి. మా ఇద్దరినీ కలిపింది ఏర్పేడు దాటాక వచ్చే ఒక చిన్న కొండ, దాని మీది స్వామి గుడి.

మొదటిసారి ఆయన్ను చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. మెట్ల పక్కన కూర్చుని ఒక రాతిముక్కను నాలుకతో నాకుతున్నారు!

"ఏమయ్యా పెద్దమనిషీ, దేవుడి కొండను ఎంగిలి చేస్తా ఉండావే, బుద్ధి ఉండాదా?" అని అరిచాను.

ఆయన తల ఎత్తి నవ్వారు. "మట్టి కలిసిన రాయైతే నాలుకకు అంటుకుంటాది సామీ. కావాలంటే మీరూ సూడండి" అని ముక్కను నా వైపు చాపారు. నేను తీసుకోలేదు. ఆయన మాత్రం దాన్ని తీసిన చోటే, ముందు కింద ఉన్న వైపే కిందికి ఉండేలా మళ్ళీ పెట్టారు. ఏ రాయినైనా అంతే. ఇన్నేళ్ళలో ఒక్క రాయి జేబులో వేసుకోగా నేను చూడలేదు.

అందరం చెప్పులు గుడి వాకిట్లో విడిస్తే, ఆయన సగం మెట్ల దగ్గరే విడిచేవారు. అక్కడ కింది నల్లరాయి అయిపోయి, పైన పొరలు పొరల ఎర్రరాయి మొదలవుతుంది. "ఈ రాయికీ ఆ రాయికీ నడుమ కోట్ల ఏండ్లు కనపడకుండా పోయినాయి సామీ. ఇంత కాలాన్ని చెప్పు కాలితో ఎట్లా దాటేది?" అనేవారు. శాస్త్రం చదివినవాడి భక్తి అట్లా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

గుడి స్తంభాలన్నీ కింది నల్లరాయేనని చూపించింది కూడా ఆయనే. పై రాయి ఉలి పెడితే పెచ్చులుగా లేచిపోతుంది కాబట్టి, కట్టినవాళ్ళు అంత బరువునూ కింద నుంచి మోసుకెక్కారు. గడప పక్క పలక మీద ఏటా కొట్టిన సున్నం కింద అరవ అక్షరాలు ఉన్నాయి. మెత్తటి బ్రష్షుతో, నీళ్ళతో ఆయన వాటిని నెలల తరబడి కడిగారు. దీపం నెయ్యికని ఎవరో మేకలు ఇచ్చారని అందులో ఉంది. అది చదివిన రోజు ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది.

ఇక నా తప్పు చెప్పాలి.

గుడికి ఎడమ పక్క ఒక పెద్ద బండ ఉంది. దాని నిండా వరసగా, జానెడు జానెడు దూరంలో, మెలికలు తిరిగిన గట్లు. ఒక ఏడు, స్వామికి మొక్కులు తీర్చే పెరటాసి నెల మొదటి శనివారం నేను ఆ బండ మీద నిలబడి, "ఇవి స్వామి రథచక్రాల జాడలు!" అని మైకులో ఉరిమాను. ఏ గ్రంథంలోనూ లేదా మాట. ఆ ఊపులో నోటికి వచ్చింది. జనం గోవిందలు కొట్టారు. వారం తిరక్కుండా ఒక భక్తుడు, జాడలు అందరికీ బాగా కనపడాలని మొక్కుకుని, రాళ్ళు కొట్టేవాణ్ణి పంపాడు. అతను రెండు వరసలు లోతు చేసేసరికి ఒక పొర పళ్ళెమంత లేచిపోయింది. మిగిలినవి మూడో శనివారం పూజ కాగానే కొట్టాలన్నారు.

సార్ బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగకుండా అన్నారు: "సామీ, మీరు చెప్తే కొట్టినారు. మీరు చెప్తేనే ఆపుతారు. నా మాట ఆడ ఎవురింటారు?"

"నా మాట తప్పని నా నోటితోనే చెప్పించాలనా సార్? నాకుండేదే ఆ నోరు. అది కూడా పోతే నేనేం తినాల?"

"రేపొక పూట నాతో పులికాట్‌కు రాండి. గ్రంథం గూడా తెచ్చుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం."

కోపంతోనే వెళ్ళాను. సరస్సు ఒడ్డున నీళ్ళు వెనక్కి తగ్గిన చోట తడి ఇసుక మీద, జానెడు జానెడు దూరంలో, మెలికలు తిరిగిన గట్లు. అవే! కొండ మీది బండే నేల మీద పరిచినట్టు. ఆ బండ కూడా ఒకప్పుడు ఇట్లాంటి నీళ్ళ కింది ఇసుకేనని, అలల గుర్తులతోనే గట్టిపడి రాయైందని సార్ చెప్పారు. ఇద్దరం వంగిపోయి చూస్తున్నాం. పక్కన రొయ్యలు ఏరుతున్న ఆమె నవ్వింది. "ఏంది సామీ, ఉంగరం పారేసుకున్నారా? ఇద్దరూ వంగి ఎతకతా ఉండారే!"

"ఉంగరం కాదమ్మా, మా సామి రథం ఒగటి పోయింది. దాన్నే ఎతకతా ఉండాము" అన్నారు సార్. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఎత్తిపొడిచింది ఆ ఒక్కసారే.

నాకు నవ్వు రాలేదు. చంకలో గ్రంథం బరువెక్కింది. భూమిని స్వామి నీళ్ళలో నుంచి పైకెత్తాడని ఊరూరా చెప్పిన నోరు ఇది. ఆ నీళ్ళ గుర్తునే కాలి కింద పెట్టుకుని, చక్రాలని కూసింది. అదే సార్‌తో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ ఘట్టం మీరు చెప్పండి సామీ. నేను నీళ్ళ వరకే చెప్తాను." నా ఘట్టానికి సాక్ష్యంగా వాడుకునే మాట ఒక్కటీ నాకు ఇవ్వలేదు. అంత నిజాయితీ నేను మఠాల్లోనూ చూడలేదు.

మూడో శనివారం. కొండ నిండా జనం. ఉలి, సుత్తి బండ పక్కనే ఉన్నాయి. మైకు పట్టుకున్నాను. తప్పు చెప్పానన్నాను. అలల సంగతి చెప్పాను.  గుడి ధర్మకర్త లేచాడు.

"పోయిన తూరి రథమంటివి, ఇప్పుడు అలలంటావు. వచ్చే ఏడు ఏమంటావు సామీ?"

జనం గొల్లున నవ్వారు.

"ఇంకేమన్నా తెలిస్తే అదీ చెప్తానప్పా! నన్ను నమ్మినా నమ్మకపోయినా సరే, ఉలి మాత్రం దించండి!"

మెట్లకు పసుపు పూసి వచ్చిన ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. "చక్రమైతే ఏమి, నీళ్ళయితే ఏమి? ఆయన కొండే గదా. కొట్టమాకండ్రా రాయిని." రాళ్ళు కొట్టేవాడు ఆ మాట కోసమే కాచుకున్నట్టు పనిముట్లు గోతంలో వేసుకున్నాడు. "ఈ రాయి ఉలి మాట ఇనదని నేను ముందే చెప్తిని" అని గొణిగాడు.

చెడిన రెండు వరసలకు సిమెంటు పూయిద్దామంటే సార్ ఒప్పుకోలేదు. "ఉండనీండి సామీ. ముందు ముందు ఎవురో వచ్చి ఈ ఉలి దెబ్బలు ఎవురివని అడుగుతారు. మీ పేరు నిలిచిపోతాది!" అని పకపకా నవ్వారు. ఆ తర్వాత నా ప్రవచనాలకు జనం తగ్గలేదు. గ్రంథంలో లేని మాట నోటికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ ఆగడం ఆయన ఇచ్చిందే.

నిన్న కొండెక్కాను. ఎండ బాగా కాస్తోంది. కొండ మీది నీటి గుండంలో మునిగిన ఆడవాళ్ళు తడి చీరలతో, పిల్లల్ని చంకన వేసుకుని ఆ బండ మీదుగా గుడికి వెళ్తున్నారు. అలల మీద వాళ్ళ తడి పాదాలు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి, సముద్రం ఇప్పుడే వెనక్కి తగ్గినట్టు. ఎండకు అవి ఒక్కొక్కటే ఆరిపోతుంటే, వెనక వచ్చినవాళ్ళు మళ్ళీ తడుపుతూ నడిచారు.