బందరు నుంచి ఒంగోలు దాకా రెండు సైకిళ్లు

నాకు సైకిల్ తొక్కుడు యాభై రెండేండ్లకు వచ్చింది. మా ఆయన బస్సు డ్రైవర్. రిటైరైన ఏడాదికే షుగర్ ఎక్కువైందని దవాఖానల చెప్తే, ఒక పాత సైకిల్ బాగు చేయించుకొని పొద్దుగాల తొక్కుడు షురూ చేసిండు. నెల తిరిగేసరికి నాకూ ఒకటి తెచ్చి వాకిట్ల నిలబెట్టిండు.

"ఈ వయసుల నేనా?" అన్న.

"ఇంట్లనే కూసుంటే నీకు గూడ షుగర్ వస్తది. ఎక్కు."

మా ఇబ్రహీంపట్నం చుట్టూ ప్లాట్లు చేసి వదిలేసిన వెంచర్లు మస్తున్నయి. ఇండ్లు లేవు గని రోడ్లు మాత్రం నున్నగుంటయి. గక్కడనే నేర్చుకున్న. నాలుగుసార్లు పడ్డ, మోకాలు పగిలింది. అయినా ఆర్నెల్లల్ల నాదర్‌గుల్ దాకా పోయి, చిన్న విమానాలు దిగుతుంటే జరసేపు చూసి, వాపస్ వచ్చెటంత అయిన.

ఒకరోజు అన్నం తినుకుంట, నేను సముద్రం చూడలేదన్న. "నేను గూడ చూడలే. నా బస్సు విజయవాడల మర్లేది" అన్నడాయన. చెయ్యి కడగకుండనే, "సైకిళ్ల మీద పోదమా?" అన్నడు. పిల్లలు వద్దన్నరు. మేం వినలే.

డిసెంబర్ల, పెద్ద అంబర్‌పేట్ కాడ బస్సు డిక్కీల సైకిళ్లు పండబెట్టి బందరుకు పోయినం. తెల్లారి అక్కడ్నుంచి సముద్రం పక్క హైవే పట్టుకున్నం. పేరుకే సముద్రం పక్క! ఎటు చూసినా కోతకొచ్చిన వరి, రొయ్యల చెరువులు, కొబ్బరి చెట్లు. మైలు మైలుకు నేను "సముద్రమేది?" అంటుంటే, ఆయన ఎడమ దిక్కు చెయ్యి చూపించి "గటే, కనబడదంతే" అంటుండె. కృష్ణ మీద పెద్ద వంతెన కాడ దిగి నిలబడ్డం. మా నల్లాల వచ్చేది గూడ ఈ నది నీళ్లే. ఇంత వెడల్పుంటదని నాకు తెల్వదు. ఆ రాత్రి రేపల్లెల పడుకున్నం.

రెండోరోజు నేను మంచి జోరు మీదున్న. గాలి వెనక నుంచి తోస్తున్నది. ఎప్పుడూ ముందుండే మనిషి వెనకబడ్డడేందని మర్లి చూస్తే, సైకిల్ ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు, రోడ్డు పక్కన కూలబడి ఉన్నడు. అంగి మొత్తం చెమటతో తడిసింది. చేతులు వణుకుతున్నయి. ఏదో చెప్తున్నడు గని మాట తిరుగుతలేదు. షుగర్ పడిపోయిందని అర్థమైంది. సంచి మొత్తం వెతికిన. బిస్కెట్లు నిన్ననే అయిపోయినయి.

కాలువ అవతల పొలంల కోత కోసేటోళ్లు కనబడితే ఉరికిన. "అక్కా, చక్కెర ఉన్నదా? మా ఆయనకు బాగలేదు" అన్న. ఒకామె కొడవలి కింద పడేసి లేచింది. "చక్కెర లేదుగానీ, తియ్యటి టీ ఉందండీ" అనుకుంట ఫ్లాస్క్ పట్టుకొని నాకన్న ముందు ఉరికింది. తల ఎత్తి పట్టుకొని కొంచెం కొంచెం తాపించింది. పది నిమిషాలకు ఆయన నన్ను గుర్తుపట్టినట్టు చూసిండు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆమె తన క్యారేజీ తెచ్చి, పప్పన్నం కలిపి ఆయన చేతికిచ్చింది. "మీదే ఊరండీ?"

"ఇబ్రహీంపట్నం."

"అబ్బో, కొండపల్లి పక్కనేగా! మా ఆడపడుచుని అక్కడే ఇచ్చాం."

"గది వేరే అక్కా. మాది హైదరాబాద్ దిక్కు."

"పోనీలెండి, ఏ పట్నమైతే ఏం. ముందు అన్నయ్యగారిని తిననివ్వండి."

ఆ దినం మమ్ముల కదలనియ్యలే. తన ఇంటికి తీసుకపోయి మంచం వేసింది. ఆమె క్యారేజీ మేం ఖాళీ చేసినమని, పగలంత ఆమె తినకుండనే కోత కోసిందని పొద్దుగూకి ఆమె ఆకలిగా కంచం ముందు కూసున్నప్పుడు గని నాకు తట్టలే. లేచి ఆమె గిన్నెలన్నీ తోమిన. వద్దన్నా వినలే.

"షుగర్ గోలి వేసుకొని టిఫిన్ ఎందుకు తినలే?" అని ఆయన మీద లేస్తే, తలకాయ దించిండు. "తిననీకె ఆగుదమనుకున్న. నువ్వు మస్తు తొక్కుతున్నవ్. ఆపబుద్ధి కాలే."

తెల్లారి ఆమె కట్టిచ్చిన బెల్లం ముక్కలు ఆయన జేబుల పోసి, బాపట్ల మీదుగా సూర్యలంక పోయినం. ముందుగాల చప్పుడు వినబడ్డది, తర్వాత సముద్రం కనబడ్డది. చెప్పులు విడిచి నీళ్లల్ల నిలబడితే కాళ్ల కింద ఇసుక జారుతున్నది. భయమై ఆయన చెయ్యి పట్టుకున్న. ఆ చెయ్యి గూడ వణుకుతున్నది.

"మళ్ల షుగరా?" అన్న.

"కాదే. భయం" అన్నడు.

ఇద్దరం గట్టిగా నవ్వినం. తడిసిన చీర ఆరేదాక ఒడ్డు మీదనే కూసున్నం.

చీరాల నుంచి ఒంగోలు పోయే దినం పక్కపక్కన మెల్లగ తొక్కినం. ఆయన మాట్లాడుడు మొదలుపెట్టిండు. ఒకసారి ఏటవాలు రోడ్డు దిగుతుంటే, బస్సు నిండ జనం ఉండంగ బ్రేకులు పడలేదంట. మట్టికుప్పకు తీసుకపోయి గుద్దించి ఆపిండంట. ఎవ్వరికీ ఏం కాలే.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తెల్లారి డ్యూటీకి పంపుతుంటివా?"

అన్నేండ్లు ఆయన ఆలస్యమొచ్చిన దినమల్లా కూర చల్లారిందని గులిగిన. ఇంటికొచ్చిండు అన్నదాన్ని ఒక్కనాడు లెక్కలకు తీసుకోలే. ఒంగోలుల హోటల్ కాడ సైకిళ్లు ఆనించి లోపలికి పోయినంక, వేడన్నం ఆయన విస్తర్ల నేనే వడ్డించిన. "ముందు నువ్వు తిను" అన్నడు. తిన్న.