సేఫ్‌లో పేలిన ఆటతుపాకీ

వీధి చివర ఇరుకు కొట్లో ఆటతుపాకులు బాగుచేసే ఆయన్ని అందరూ డాక్టరు అంటారు. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, తనే పుచ్చుకున్నాడు. అవి బ్యాటరీతో నడిచే తుపాకులు, బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుండ్లు కొడతాయి. పక్కనున్న మీటని సింగిల్‌లో పెడితే నొక్కినప్పుడల్లా ఒక్కటి, ఫుల్ ఆటోలో పెడితే వరసగా. ఊరి బయట హాల్లో పెద్దా చిన్నా వాటితో యుద్ధాలు చేసి, అయిపోగానే కలిసి టీ తాగుతారు. తుపాకీ మొరాయిస్తే ఈయన దగ్గరికి తెస్తారు. ట్రిగ్గర్ వదులైనా, వైరు ఊడినా ఈయన ముందు పొట్ట కోస్తాడు. చిన్న జబ్బులు కూడా ఉంటాయని ఒప్పుకుంటే ఇక ఆయన గొప్పేం కాను?

ఆ రోజు సొంత కూతురే తన తుపాకీ తెచ్చింది.

"సింగిల్‌లో ఒక్కటి కొట్టి ట్రిగ్గర్ చచ్చిపోతోంది నాన్నా. ఫుల్ ఆటోలో పెట్టి ఓసారి నొక్కితే మళ్లీ లేస్తోంది. బ్యాటరీ దిగిపోయిందేమో, ఛార్జింగ్ పెట్టి చూద్దామా?"

"బ్యాటరీ అయితే ఇక నేనెందుకే?" అన్నాడు డాక్టరు నొచ్చుకుని.

"సాయంత్రం ఫైనల్. ఇన్నాళ్లకి జట్టులో నన్ను ఆడిస్తామన్నారు. విప్పకు నాన్నా, నీకు దణ్ణం పెడతా."

అమ్మాయి చెప్పిందే నిజం. బ్యాటరీ నీరసిస్తే మోటారు సగం తిప్పులో ఆగిపోతుంది, ట్రిగ్గర్‌కి పట్టు దొరకదు. గోటితో పోయే పని. అయ్యగారికేమో గొడ్డలి తప్ప చేతికందదు! ఆమె బట్టలు మార్చుకొచ్చేలోపు తుపాకీ ముక్కలుగా పడుంది, స్ప్రింగ్ ఎగిరి బీరువా కింద దూరింది, ఆయన నేల మీద బోర్లా పడుకుని ఆ స్ప్రింగ్ చేసినవాణ్ణి తిడుతున్నాడు.

మొత్తానికి కుట్లు వేశాడు. ఎందుకైనా మంచిదని కొత్త బ్యాటరీ కూడా పెట్టాడు. నొక్కి చూస్తే ఏముంది, మీట కింద ఉండే పళ్లచక్రం ఒక పన్ను పక్కకు కూర్చుంది. సింగిల్‌లో పెడితే వరసపెట్టి దంచుతోంది. సేఫ్‌లో, అంటే అసలు పేలకూడని చోట పెడితే, ఒక్కొక్కటిగా ముద్దుగా పేలుతోంది. మళ్లీ విప్పే టైము లేదు. పొరపాటైందని చెబుతాడా? రామరామ! కిందపడ్డా పైచెయ్యి తనదే.

"సేఫ్‌లో పెట్టి ఆడు. సింగిల్‌ని అక్కడికి మార్చాను," అన్నాడు.

"మార్చావా? ఎందుకు?"

"వేలికి దగ్గరగా ఉంటుందని. ఎవడు చేస్తాడే నీకింత పని?"

హాలు గుమ్మం దగ్గర ఆట నడిపించే పెద్దాయన బల్ల వేసుక్కూర్చున్నాడు. ప్రతి తుపాకీనీ సేఫ్‌లో పెట్టి, ఇసుక డబ్బాలోకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం ఆయన పని. ఆ తనిఖీ ఉండి తీరాలని పట్టుబట్టి పెట్టించింది సాక్షాత్తూ మన డాక్టరే. తన మాట తనకే గుర్తులేని మహానుభావుడు పక్కనే నిలబడ్డాడు. తనిఖీ పెట్టించినవాడే మీట మార్చాడు కదా, అంతా చూసుకునే ఉంటాడని అమ్మాయి ధీమా. తుపాకీ టప్పున పేలింది.

"సేఫ్‌లో పేలితే ఆ తుపాకీ తెచ్చినవాళ్లు ఇవాళ ఆడకూడదమ్మా. నీకు తెలుసుగా. ఎవరు విప్పారు దీన్ని?"

అమ్మాయి తండ్రి వైపు చూడలేదు. "నేనేనండీ."

"ఇంట్లో అంత డాక్టర్ని పెట్టుకుని నీకెందుకమ్మా ఈ పని?"

అందరూ డాక్టరు వైపు తిరిగారు. అలవాటైన నోరు ఊరుకుంటుందా! "చెప్తే వింటేగా!" అనేశాడు.

అప్పుడు చూసింది అమ్మాయి ఆయన్ని. కోపంగా కాదు, ఇంతేనా అన్నట్టు. డాక్టరుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"కాదండీ," అన్నాడు. "విప్పొద్దని అది మొత్తుకుంది. పన్ను తప్పించి కూర్చోబెట్టింది నేను. తెలిసి తెలిసీ ఇచ్చాను. దాన్ని ఆడనివ్వండి."

పుట్టి బుద్ధెరిగాక ఒప్పుకున్న మొదటి తప్పది. పెద్దాయన కళ్లు చెమర్చాయి.

"కూతురి కోసం తండ్రి ఎంత అబద్ధమైనా ఆడతాడయ్యా! మీ చేతిలో పన్ను తప్పడమా? ఎవరు నమ్ముతారు?"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో భుజం కూడా తట్టారు. జట్టు అమ్మాయిని వదిలి లోపలికి వెళ్లిపోయింది. ఆమె తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది.

"నిజమే చెప్పానే," అన్నాడు డాక్టరు పక్కకొచ్చి.

"విన్నాను నాన్నా. కొట్లోనే నాకొక్కదానికి చెప్పుంటే, ఎవర్నైనా ఇంకో తుపాకీ అడిగి తెచ్చుకునేదాన్ని."