పడవెక్కి వెళ్ళి గుల్లలు తవ్విన మిరప రైతు

మా శీనుగాడికి పెళ్ళయి నాలుగు నెలలైంది. వాడిది వినుకొండ దగ్గర మిరప సేద్యం, భార్య రమ్యది నిజాంపట్నం తీరం. అత్తారింటికి వచ్చాక గుల్లల కూర, అదే ఆల్చిప్పల మాంసం కూర, తినలేదని ఆమె ఒకసారి అంటే, "నేనే తవ్వి తెస్తా" అని వీడు తన అత్తగారి ఎదుటే మాటిచ్చేశాడు. ఉత్త చేతులతో తిరిగొస్తే పరువు పోతుంది. అందుకని గుంటూరు బ్రాడీపేటలో ఖాళీగా ఉన్న స్నేహితుణ్ణి, నన్ను, సాక్షిగా వెంటేసుకున్నాడు.

ఉదయం ఐదున్నరకు గుంటూరులో బస్సెక్కి, రేపల్లెలో మారి, నిజాంపట్నం చేరేసరికి ఎనిమిదిన్నర. గుల్లలుండే ఇసుక తిన్నెకు రోడ్డు లేదు, పాయ దాటి పడవలోనే వెళ్ళాలి. పడవ నడిపే పోలయ్య బాబాయ్ రానూపోనూ మనిషికి నూట యాభై తీసుకుని అరగంటలో దింపాడు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ కాబట్టి తిన్నె బయటపడి ఉంది. తడి ఇసుకలో చిన్న బెజ్జం కనిపించిన చోట జానెడు తవ్వితే గుల్ల దొరుకుతుంది. గంటన్నరలో సగం బస్తా నిండింది.

అప్పుడు శీనులోని రైతు మేల్కొన్నాడు. "ఒరేయ్, తడి సరుకు మూట కడితే ముక్కిపోద్దిరా. ఆరబోద్దాం." తడి మిరపకాయలను కళ్ళంలో పోసినట్టు గుల్లలన్నిటినీ ఎండలో పలచగా పరిచాడు. ఎం.కామ్. చదివిన నేను ఆ శాస్త్రీయ పద్ధతిని మెచ్చుకుని అంచులు సర్దాను. ఆపైన పులిహోర తిని, పడవ నీడన కునుకు తీశాం.

పోలయ్య బాబాయ్ లేపాడు. "ఏం చేశారయ్యా ఇది?"

"ఆరబోశాం బాబాయ్."

"గుల్లల్నా?" నోరు తెరిచిన ఒకదాన్ని తీసి వేలితో తట్టాడు. అది కదల్లేదు. "బతికుంటే టక్కున మూసుకోవాల. ఇయ్యి తిన్నారంటే ఆస్పత్రే." మొత్తం పారబోయించాడు. "నీళ్ళు ఎక్కుతున్నాయి. ఇంకో అరగంటే మీకు."

ఆ అరగంటా శీను చీలమండలు మునిగేదాకా మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు. ఇద్దరికీ కలిపి దొరికినవి ముప్పై ఒకటి. తడి గోనెలో చుట్టి, బస్సుల్లో ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం ఆరున్నరకు వినుకొండ దగ్గర వాళ్ళింటికి చేర్చాడు.

రమ్య ఒక్కొక్కటీ తట్టి చూసింది. అన్నీ మూసుకున్నాయి. "అంత దూరం వెళ్ళి ఇన్నేనా అండీ?"

శీను నేల చూపులు చూస్తూ జరిగింది చెప్పాడు. ఆమె వెంటనే పుట్టింటికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. "అమ్మా, మీ అల్లుడుగారు గుల్లల్ని ఎండబెట్టారంట."

అవతల చాలాసేపు నవ్వులే. తర్వాత అత్తగారి గొంతు, "ఆయన చేతులు చూడవే. తవ్వి అలవాటు లేనోళ్ళకి కోసుకుపోతాయి."

చూస్తే, వేళ్ళ నిండా గీతలు. రమ్య నవ్వు ఆపి పసుపు తెచ్చింది.

కూర ముగ్గురికీ తలో రెండు ముద్దలకే వచ్చింది. తీరాలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. భార్య పుట్టిన నేలను చేతులతో తవ్వి చూసినవాడు మాత్రం నాకు తెలిసి వీడొక్కడే. మీరూ వెళ్తే, నీళ్ళు తగ్గే వేళ రోజూ మారుతుంది కాబట్టి ముందురోజే పడవవాళ్ళను అడిగి బయల్దేరండి.