దసరా మర్నాటి కత్తెర

బ్లాక్‌బెర్రీ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మేడ్చల్ రోడ్డు మీద ఒక నర్సరీకి కరివేపాకు మొక్క కోసం వెళ్లాను. అక్కడాయన నల్ల సంచిలో వంగిపోయి ఉన్న రెండు పుల్లలు చూపించి, "గిది ముండ్లు లేని రకం అక్కా. పండు పరికి పండు లెక్కనే నల్లగుంటది, గని మస్తు పెద్దగైతది" అన్నాడు. పరికి పండు పేరెత్తేసరికి నేను కరివేపాకు సంగతి మర్చేపోయాను.

కీసర దగ్గర మా పుట్టింటి ఊళ్లో గుట్టల పొంటి పరికి కంపలు ఉండేవి. బడి నుంచి వస్తూ అక్కడే ఆగేవాళ్లం. బఠాణీ గింజంత పండ్లు. నాలుగు నోట్లో వేసుకోవాలంటే మోచేతి దాకా గీరుకుపోయేది. అమ్మ పసుపు రాస్తూ తిట్టేది, తిడుతూ రాసేది. ఈ పండు ముళ్లు లేకుండా కాస్తే ఈ కంపకేం పోయేదని ఏడ్చిన రోజులున్నాయి. ఇన్నేళ్లకు అట్లాంటిది ఒకటి సంచిలో దొరికింది. నా పెరట్లో, నా చేత్తో పెంచి, గుప్పెడు పండ్లు నేనొక్కదాన్నే నిలబడి తినాలనుకున్నాను. కోరిక అంతే. ఇప్పుడు చెప్తే నవ్వుతారు, నవ్వుకోండి.

మా అత్తగారిది శామీర్‌పేట పక్క. నేను కోడలిగా వచ్చినప్పుడు మామకు ఎనిమిదెకరాల ద్రాక్షతోట ఉండేది. పందిరి కింద మెడలు ఎత్తి గుత్తులు సాఫు చేసే పని ఆడవాళ్లది. సాయంత్రానికి మెడ తిరిగేది కాదు. తొంభైలు అయిపోయే నాటికి ఆ తోట ప్లాట్లయింది. అమ్మేముందు అత్తను అడగలేదు, ఇక నన్ను ఎవరు అడుగుతారు? పందిరి పీకిన రోజు రాతి కడీలు ట్రాక్టర్లలో పోతుంటే, బట్టలారేసే తీగ కట్టుకోవడానికి అత్త రెండు కడీలు మాత్రం పెరట్లో దింపించుకుంది. నా మొక్కను నేను ఆ కడీల దగ్గరే నాటాను.

తోట పోయినా మామ కత్తెర పోలేదు. దసరా నాడు అందరూ బండ్లకూ కొడవళ్లకూ పూజ చేస్తే, మామ ఆ కత్తెరకు చేసేవాడు. కడిగి, నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి, జమ్మి ఆకు ఉంచి మొక్కేవాడు. తోట ఉన్న రోజుల్లో మర్నాడు పొద్దున్నే మొదటి కొమ్మ ఆయన కోయాలి, ఆ తర్వాతే కూలీలు కత్తెర పట్టాలి. దాన్ని అక్టోబర్ కటింగ్ అనేవాళ్లు. ద్రాక్షకు అది తప్పదు. కత్తెర పడితేనే కొత్త చిగురు, ఆ చిగురులోనే గుత్తి. తోట అమ్మేశాక కూడా పూజ మానలేదు. పూజ ఒక్కటే అయితే నాకేం నష్టం లేదు. పూజ చేసిన కత్తెర ఊరికే ఉండకూడదు కదా, ఏదో ఒకటి కోయాలి. ఇంట్లో తీగలాంటిది నా చెట్టు ఒక్కటే.

ఆ సమయానికి నేను ఇంట్లో ఉండను. బతుకమ్మకు పుట్టింటికి పోవడం మా దిక్కు ఆడవాళ్ల ఆచారం. దసరా వెళ్లాక గానీ తిరిగి రాము. మొదటి ఏడు నేను వెళ్లేటప్పుడు చెట్టు నా ఎత్తు దాటింది. కర్రల్లా సాగిన దాని కొమ్మలను పాత చీర పేలికలతో బట్టల తీగకు కట్టి వెళ్లాను. వచ్చేసరికి జానెడు మోళ్లున్నాయి. పేలికలు తీగకు వేలాడుతున్నాయి.

"ఏంది గట్ల జూస్తవ్? కటింగ్ జేసిన. ఇగ జూడు, ఎట్ల పూస్తదో" అన్నాడు మామ సంతోషంగా.

పూయలేదు. ఆకులొచ్చాయి, కర్రలొచ్చాయి, మళ్లీ దసరా వచ్చింది. ఈసారి ఊరికి పోయేముందు ధైర్యం చేసి అడిగాను. "మామా, గీ ఒక్కసారి దాన్ని ముట్టకుండ్రి."

"నా జిందగీ అంత తోటల్నే వాయె. చెట్టు సంగతి నువ్వు నాకు జెప్తవా?" అన్నాడు. కోపంగా కూడా కాదు. చిన్నపిల్ల ఏదో వాగినట్టు నవ్వేశాడు. ఆ నవ్వే నాకు ఎక్కువ మండింది. తిరిగి వచ్చేసరికి మళ్లీ మోళ్లే.

అయితే ఆ ఏడు ఒక కర్ర సిమెంటు నీళ్ల తొట్టి వెనకకు పాకి కత్తెరకు దొరకలేదు. ఎండలు ముదిరే ముందు తొట్టి వెనక బట్టలు నానబెట్టడానికి వెళ్తే, లేత గులాబీ రంగు పూలు కనిపించాయి. ఆ ఒక్క కర్రకే. మోళ్ల నుంచి లేచిన కొత్త కర్రలకు ఒక్క మొగ్గ లేదు. అప్పుడర్థమైంది. ఇది ద్రాక్ష కాదు. ఈ ఏడు లేచిన కర్ర వచ్చే ఏడు పూస్తుంది. మామ ప్రతి దసరాకూ రాబోయే వేసవి పండ్లను కోసి గోడవతల పారేస్తున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. తడి గోనెసంచులు అడ్డం కట్టి ఎండ ఆపాను. బియ్యం కడిగిన నీళ్లు పోశాను. కాయలు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు తిరిగాయి, ఒకటి రెండు నల్లబడటం మొదలుపెట్టాయి. ఇంకో వారం ఆగితే చాలనుకున్నాను. గోనెసంచులు కడితే మామ చూడకుండా ఉంటాడా అన్న ఆలోచన నాకు రాలేదు.

ఒక మధ్యాహ్నం కొత్త వెంచర్ మాటల కోసం ఎవరో పెద్దమనుషులు వచ్చారు. చాయ్ తీసుకుని వెళ్లేసరికి వాళ్ల ముందు స్టీలు పళ్లెంలో నా పండ్లన్నీ ఉన్నాయి. ఎర్రవీ, అరనల్లవీ, అన్నీ. "గిది నా చేతి పని. కత్తెర వడితె రాయి గూడ కాస్తది" అంటున్నాడు మామ. వాళ్లలో ఒకాయన ఒకటి కొరికి, మొహం అంతా ముడిచి, మిగతాది పళ్లెంలోనే పెట్టేశాడు. "సక్కరేస్కొని తినాలె" అని ఇంకొకాయన నవ్వాడు. చాయ్ తాగి లేచిపోయారు.

పళ్లెం నేనే తీశాను. ఎంగిలి కానిది అడుగున ఒకటి మిగిలింది. వంటింట్లో తలుపు దగ్గర నిలబడి నోట్లో వేసుకున్నాను. దవడలు లాగేసే పులుపు. నా జన్మకు నేను తిన్న బ్లాక్‌బెర్రీ అదొక్కటే. ఆ పూట అన్నం వండుతూ ఏడ్చాను. ఉల్లిగడ్డల వంక పెట్టుకున్నాను.

ఆ ఏడు దసరాకు మామ తొట్టి వెనక కూడా వెతికి మరీ కోశాడు. అక్కడ బాగా కాసింది కదా మరి.

ఆయన మీద జాలి లేదనుకోకండి. తోట పోయాక సాయంత్రం పూట ఖాళీ చేతులతో ప్లాట్ల దిక్కు చూస్తూ కూర్చునేవాడు. ఎనిమిదెకరాలు తిరిగిన కత్తెర ఒక్క చెట్టు దగ్గరికొచ్చి ఆగింది. అది నాకు కనపడుతూనే ఉండేది. కానీ అమ్ముకున్నది ఆయన. ఆ బాధంతా నా చెట్టు మీదనే తీర్చుకోవాలా?

మరుసటి వానాకాలం మామ పోయాడు. ఆ హడావుడిలో పెరడు ఎవరూ చూడలేదు. చెట్టు మాత్రం ఎన్నడూ లేనంత పెరిగింది. దినాలయ్యాక కర్రలన్నీ తీగ మీదికి పరిచి కట్టాను. ఆ ఏడు ఇంట్లో పండుగ లేదు, కాబట్టి పూజ లేదు. పూజ లేదు కాబట్టి కత్తెర మేకు మీదినుంచి దిగదు. అమ్మ రమ్మంటే నిమ్మళంగా కీసర వెళ్లాను. పెళ్లయ్యాక అంత నిమ్మళంగా ఎన్నడూ వెళ్లలేదు.

తిరిగి వచ్చిన రోజు నా భర్త నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాడు. కర్రలన్నీ మొదట్లోకి కోసి ఉన్నాయి. తొట్టి వెనక కూడా. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "బాపు లేడని కటింగ్ ఆగొద్దు గదా" అన్నాడు. పక్కనే అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "అచ్చం వాళ్ల నాయిన లెక్కనే కోసిండు" అంది.

"అవి వచ్చే ఎండకాలం కాసే కర్రలు" అన్నాను.

"మల్ల వస్తయి తియ్" అన్నాడు.

కొడుకు భక్తి చూసి, పరామర్శకు వచ్చిన చుట్టాలంతా మెచ్చుకున్నారు. వాళ్ల ముందు నేనేం అనగలను? వాళ్లంతా వెళ్లాక గడ్డపార తీసుకుని ఆ చెట్టును వేళ్లతో సహా తవ్వి తీశాను. చేతికి ఒక్క గీత పడలేదు. ముళ్లు లేని రకం కదా. చీడ పట్టిందని ఇంట్లో చెప్పాను, ఎవరూ మళ్లీ అడగలేదు.

తర్వాతి సారి పుట్టింటికి వెళ్లినప్పుడు గుట్ట పొంటి పరికి పండ్లు ఏరి, గింజలు కొంగున కట్టుకొచ్చి అదే కడీల దగ్గర నాటాను. మూడు నాలుగేళ్లకు అది బాగా అల్లుకుంది. ఒక దసరా మర్నాడు నా భర్త కత్తెర పట్టుకుని దాని దగ్గరికి పోయి, మణికట్టు నుంచి మోచేతి దాకా చీరుకుని వచ్చాడు. పసుపు నేనే రాశాను. తిట్టలేదు. మళ్లీ ఆయన అటు పోలేదు.

బఠాణీ గింజంత పండ్లు కాస్తాయి. నా చేతులూ గీరుకుపోతాయి. నిలబడి నేనొక్కదాన్నే తింటాను.