నేను లేపమన్నది తెరచాపను!

నా పడవ మునగలేదు. అదే నా ఖర్మ! మునిగి ఉంటే అయ్యో పాపం అని ఊరుకునేవారు. మునగకుండానే నా పరువు తీసింది. ఎలా తీసిందో చెబుతాను. కానీ ఆర్మూర్‌లో నేను ఎదురైతే మాత్రం ఈ సంగతి ఎత్తకండి. ఎత్తేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

మార్కెట్ రోడ్డులో నాకో పైపుల దుకాణం. బేరాలు లేనప్పుడు ఫోనులో పడవల వీడియోలు చూసి చూసి నాకు పిచ్చి పట్టింది. పోచంపాడు జలాశయం మాకు అరగంట దారి. పడవ చేయించుకుంటే ఎవరు వద్దంటారు? మా ఆవిడ అంటుంది. ఆ విషయం తర్వాత.

పడవను ఎంచుకోవడానికే ఏడాది పట్టింది. నీళ్ల దగ్గర దాన్ని ఉంచే చోటు లేదు. నా బామ్మర్ది గంగారాం ట్రాక్టర్ ట్రాలీలో తీసుకెళ్లాలి, అందులోనే ఇంటికి తేవాలి. మొదట నచ్చిన డిజైన్‌కు అడుగున పెద్ద రెక్క ఉంది, ట్రాలీలో నిలబడదు. రెండోదానికి రెండు తెరచాపలు, మధ్యలో గది. నాకు గది ఎందుకండీ, కాపురం పెట్టడానికా? చివరికి క్యాట్‌బోట్ దొరికింది. ఒకటే తెరచాప, దాని స్తంభం ముక్కు దగ్గరే ఉంటుంది. వెడల్పాటి పొట్ట. అడుగు పలకను పైకి లాగేస్తే ట్రాలీలో బుద్ధిగా కూర్చుంటుంది. అక్కడితో ఊరుకోవచ్చు కదా! నేను దానికి తెలుగు పేరు పెట్టాను.

"పిల్లి పడవనా?" అంది మా ఆవిడ సుజాత. "పిల్లి ఎదురొస్తెనే ఇంట్లకొచ్చి మంచినీళ్లు తాగి పోతం. నువ్వు పిల్లినే ట్రాలీల ఎక్కిస్తనంటవా?"

"పేరు సంగతి ఇడిశిపెట్టు. తెరచాపకు నీ టార్పాలిన్ కావాలె."

"పసుపు ఆరబోసే టార్పాలినా? నీకు దిమాక్ ఉన్నదా?"

గంటసేపు తిట్టి, చివరికి తీర్పు చెప్పింది. "ఒక్కటే మోకా ఇస్తున్న. గా పడవ నీళ్ల మీద నడిశిందా, ఉంచుకో. నడవలేదా, పసుపు ఉడకవెట్టే పొయ్యిల పెడ్త. మల్ల పడవ అన్న మాట ఈ ఇంట్ల వినవడొద్దు."

పడవ చేసింది వడ్ల రాజన్న. "సేటూ, నేను దర్వాజలు చేసెటోన్ని. దర్వాజ నీళ్లల్ల పోతదా?" అని రోజుకోసారి అడుగుతూ మూడు నెలల్లో పూర్తి చేశాడు. "చేస్త గని ఎక్క. నాకు ఈత రాదు" అని ముందే చెప్పాడు. తాడు లాగి తెరచాప ఎత్తడానికి పడవలో ఒకరుండాలి, అదీ ట్రాలీ మీద ఉండగానే, ఒక్క నిమిషం, అని బతిమిలాడితే నడుముకు ట్రాక్టర్ ట్యూబ్ తగిలించుకుని ఎక్కాడు.

పసుపు పని జోరుగా ఉన్న రోజులవి. గంగారాం ఒక్క పూటే ట్రాలీ ఇచ్చాడు. వెనక చక్రాలు నీళ్లలో దిగేదాకా రివర్స్ చేశాడు. వెనక తలుపు తీసి, కట్లు విప్పాం. ముందు తెరచాప ఎత్తి చూసుకోవాలి, తర్వాత అందరం పట్టి పడవను మెల్లగా దించాలి. సుజాత గట్టు మీద టిఫిన్ డబ్బాతో కూర్చుంది, పరీక్ష పెట్టిన పంతులమ్మ లాగా. నేను పక్కన మోకాలి లోతు బురదలో నిలబడ్డాను.

"రాజన్నా, తయారేనా?"

"తయారే సేటూ. జల్ది కానియ్యి, నన్ను దిగనియ్యి."

నేను చెయ్యెత్తి, కప్తాను గొంతు తెచ్చుకుని అరిచాను: "లేపు!"

గంగారాం గురించి మీకు ఒక ముక్క చెప్పాలి. అతనిది హైడ్రాలిక్ ట్రాలీ. పసుపు కాలమంతా పొలం నుంచి కల్లానికి కొమ్ములు తోలుతాడు. కల్లంలో వెనక నిలబడ్డవాడు "లేపు!" అంటే లివర్ లాగుతాడు, ట్రాలీ ముందు వైపు పైకి లేస్తుంది, సరుకంతా వెనక్కి జారి కుప్ప పడుతుంది. ఆ మాట వింటే చాలు, అతని చెయ్యి అతన్ని అడగదు.

ట్రాలీ లేచింది.

"గంగారాం! దించు, దించు!"

"ఏంది బావా? ఇంకా లేపాల్నా?" ఇంజిన్ చప్పుడులో అతనికి నా మాట ఎక్కడ వినబడుతుంది! ఇంకా లేపాడు.

పడవ జర్రున జారింది. రాజన్న భయంతో చేతిలోని తాడునే గట్టిగా గుంజి పట్టుకున్నాడు. ఆ తాడు తెరచాపది. నిండుగా లేచింది. గాలి పట్టుకుంది. నీళ్లు ఎగసి నన్ను బురదలో పడేశాయి. లేచి కళ్లు తుడుచుకునేసరికి, ఏడాదిపాటు ఎంచుకున్న నా పడవ నన్ను వదిలేసి దర్జాగా పోతోంది.

"సేటూ! గిది నడుస్తున్నదే!"

"ఆపు రాజన్నా!"

"ఎట్ల ఆపాలె? బ్రేక్ యాడున్నది?"

వందల వీడియోలు చూశానండీ. ఒక్కదానిలోనైనా ఆపడం చూసి ఉంటే ఒట్టు!

చివరికి చేపలు పట్టేవాళ్లు అడ్డం పోయి, వలతాడు కట్టి లాక్కొచ్చారు. రాజన్న దిగాడు. ఒంటి మీద చుక్క నీరు లేదు. నేనేమో నెత్తి నుంచి మడమ దాకా బురద.

"మస్తున్నది సేటూ! ఇంకొక్క చుట్టు పోయొస్త" అన్నాడు, ట్యూబ్ విప్పి గట్టు మీద పడేస్తూ.

నేను సుజాత వైపు చూశాను.

"నడిశింది. పొయ్యిల పెట్ట" అంది. నా ముఖం వెలిగింది. "గని రాజన్న నడుపుతడు. నువ్వు నడుమ బస్తా లెక్క కూసో. చెయ్యి గిట్ల ఆడియ్యకు."

అప్పటినుంచీ అంతే. నా పడవలో నేను బస్తాను, దర్వాజల రాజన్న కప్తాను. దుకాణం ముందు నుంచి పోయే ప్రతి ట్రాలీవాడూ "సేటూ, లేపాల్నా?" అని అడిగి మరీ పోతాడు.

అందుకే ఆర్మూర్ మార్కెట్ రోడ్డు సాక్షిగా ప్రమాణం చేశాను: ట్రాలీ కంటికి కనబడినంత దూరంలో ఉండగా ఆ మాట నా నోట రాదు, ఆ పని నా చేత కాదు. మొన్న గంగారాం మధ్యాహ్నం తిని మా వాకిట్లో, ట్రాలీలోనే కునుకు తీశాడు. సుజాత లోపలి నుంచి కేకేసింది. "చాయ్ అయింది. మా తమ్మున్ని జర లేపు!"

నేను లేపలేదు. చాయ్ పట్టుకుని, వాడంతట వాడు లేచేదాకా ఎండలో నిలబడ్డాను.