చెంచా నా మోకాలి కిందే ఉంది

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే మాత్రం చెప్పడం ఆపేస్తాను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, నాకే జరిగింది. చేతిలో అన్నం ముద్ద పట్టుకుని చెబుతున్నాను... ఇందులో ఒక్క మాట కల్పించినా ఈ ముద్ద నాకు అరగకుండా పోవాలి. చాలా? సరే, వినండి.

మేం ముగ్గురం. వరంగల్‌లో యూనివర్సిటీ హాస్టల్, ఒకటే గది. నాది ఎమ్మెస్సీ ఫిజిక్స్. రుబీనాది కెమిస్ట్రీ, స్రవంతిది బాటనీ. పగలంతా ల్యాబులు, రికార్డులు. మా ముస్లింల ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే చాలు, మాకు ఫోన్ వస్తుంది. పెళ్లికి ముందు పెళ్లికూతురికి పసుపు బట్టలు కట్టి, పసుపు రాసి కూర్చోబెడతారు కదా, మాంఝా అని... ఆ రాత్రి ఆడవాళ్ల మధ్య కూర్చుని డోలక్ పాటలు పాడటం మా పని. కడుపునిండా తిండి పెడతారు, చల్లగా ఉండమని దువా చేస్తారు. మాకు అదే పండగ.

రుబీనా డోలక్ వాయిస్తూ పాట ఎత్తుకుంటుంది. స్రవంతి చప్పట్లు కొడుతూ అందుకుంటుంది. మరి నేను? డోలక్‌కు ఎదురుగా కూర్చుని, రెండు తోళ్ల నడుమ ఉండే దాని కర్ర మీద చెంచాతో కొడతాను. టక్... టకటక్... టక్. ఆ చప్పుడు లేకపోతే డోలక్ ఉప్పులేని పప్పు. కానీ పప్పు బాగుందంటారు గానీ ఉప్పు బాగుందని ఎవరైనా అంటారా?

పాటలు కట్టేది కూడా నేనే. "వియ్యపురాలు పెట్టె దెచ్చె, పెట్టెల ఏం దెచ్చె? మూత దీస్తె పిల్లి దూకె, పాలన్ని దాగె!" ఇది నాదే. ఆడవాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వి నవ్వి, "ఏం పాడినవే రుబీనా!" అని దాని తలచుట్టూ చేతులు తిప్పి మెటికలు విరుస్తారు. నేను చెంచా తుడుచుకుని సంచిలో వేసుకుంటాను.

కుళ్లుకున్నాను. అవును, కుళ్లుకున్నాను! మీ దగ్గర దాపరికం ఏముంది? రుబీనా మంచిదే. నాకు జ్వరం వస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. అయినా అది డోలక్ మీద చెయ్యి వెయ్యగానే జనం ఆహా అంటుంటే నాకు కడుపు మండేది. అందరికన్నా ఎక్కువ మండించింది మా అమ్మీ. అమ్మీ రఘునాథపల్లిలో ఉంటుంది. నేను పంపిన వీడియోలు చూసి, "రుబీనా చేతుల ఏముందో గని బేటా... నడుమ నీ టకటక ఒకటి" అనేది. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది!

ఆ రాత్రి మాంఝా కాజీపేటలో. పట్టాల పక్కనే ఇల్లు. పెళ్లికూతురి నాన్న రైల్వేలో పనిచేస్తారు, మాకు దూరపు చుట్టం. అందుకే అమ్మీకి కూడా పిలుపు వచ్చింది. అమ్మీ ఎదురుగా కూర్చుని నా చెంచా వినడం అదే మొదటిసారి. నాకు ఒక్కటే ఆశ. రుబీనా కంటే నువ్వే మేలు... ఈ ఒక్క మాట అమ్మీ నోటి నుంచి వినాలి. అబద్ధంగా అన్నా సరే.

ఆ ఇంటి దాదీమా, పెళ్లికూతురి నాయనమ్మ, గట్టి మనిషి. ఆడవాళ్ల ఫొటోలు బయటికి పోతాయని గుమ్మం దగ్గరే ఫోన్లన్నీ బుట్టలో వేయించింది. అంటే ఆ గదిలో ఒక్క ఫోన్ కూడా లేదు. ఇది గుర్తుంచుకోండి.

అమ్మీ ఎక్కిన రైలు లేటు. నేను గుమ్మం వైపే చూస్తున్నాను. ఈలోగా పెళ్లికూతురి చెల్లెలు మెహెందీ కోన్ పట్టుకొచ్చి, రుబీనాను గోడవారకు తీసుకుపోయి, రెండు చేతులకూ పెట్టేసింది. నన్ను అడిగిందా? ఊహూ. స్రవంతిని అడిగిందా? అదీ లేదు. అరికాలి మంట నెత్తికెక్కింది... అంతలోనే బుర్ర వెలిగింది. చేతుల నిండా తడి మెహెందీ ఉంటే డోలక్ ఎవరు వాయిస్తారు?

"నువ్వే వాయించవే జరసేపు," అంది రుబీనా గోడ దగ్గర నుంచి. "నా చేతులు ఎండేదాంక."

ఇంకోసారి చెప్పించుకోలేదు. డోలక్ లాక్కున్నాను. చెంచా చాప మీద పడేసి దాని పక్కనే కూర్చోబోయి దాని మీదే మోకాలు పెట్టాను. గుచ్చుకుంది. తీద్దామని వంగాను...

కరెంటు పోయింది.

కటిక చీకటి. పిల్లలు కెవ్వుమన్నారు, పెద్దవాళ్లు నవ్వారు. పైన ఫ్యాను... కిర్... కిర్... కిర్... మంటూ ఆగిపోయింది. బయట మగవాళ్లు జనరేటర్ కోసం కేకలు వేస్తున్నారు. గుమ్మం దగ్గర ఎవరో వస్తున్నారు, పోతున్నారు, మనిషి కనబడటం లేదు.

"పాట ఆపకుండ్రి!" దాదీమా గొంతు. "మాంఝా నాడు డోలక్ ఆగొద్దు. కొట్టుండ్రమ్మా!"

కొట్టాను. పాట ఎత్తుకున్నాను. గొంతు తేలిపోయింది. నా పాటే, నేను కట్టిన పాటే, నాకే కొత్తగా ఉంది. ఎడమ పక్క స్రవంతి చప్పట్లు అందుకుంది. అయినా ఏదో వెలితి. ఉప్పులేదు కదా...

అప్పుడు...

టక్.

డోలక్ కర్ర మీద. సరిగ్గా నడుమ. నేను కొట్టే చోటే.

టక్... టకటక్... టక్.

నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏంటో తెలుసా? దయ్యం కాదు. రుబీనా! వచ్చి ఎదురుగా కూర్చుంది, ఇంకెక్కడిదో చెంచా దొరికింది, నాకు దొరికిన ఈ కాస్త సమయంలో కూడా ఇది వేలు పెట్టింది. ఒళ్లు భగ్గుమంది. వేగం పెంచాను. చప్పుడూ పెరిగింది. దాన్ని తప్పుదోవ పట్టించాలని తాళం మార్చాను. నాతోపాటే మారింది. ఉన్నట్టుండి చెయ్యి గాలిలో ఆపేశాను.

నా చెయ్యి ఎక్కడ పడాలో సరిగ్గా అక్కడ... టక్ మంది.

ఫిజిక్స్ చదువుతున్న దాన్ని. గోడలకు కొట్టుకుని చప్పుడు వెనక్కి వస్తుందని నాకూ తెలుసు. కానీ అది తర్వాత వస్తుంది. ముందు రాదు. ఇది ముందే వచ్చింది.

ఎదురుగా ఉన్న మోకాలు నా మోకాలికి తగులుతోంది. జరీ అంచు గరుకు తెలుస్తోంది. దెబ్బ పడినప్పుడల్లా కర్రలోంచి నా తొడ దాకా అదురు వస్తోంది. ఆ మోకాలు చల్లగా లేదు. మామూలుగా, మనిషి మోకాలిలాగే వెచ్చగా ఉంది.

"రుబీనా... జర మెల్లగ కొట్టవే," అన్నాను.

"ఏందే?" అంది రుబీనా.

గోడ దగ్గర నుంచి. నా వెనక నుంచి. చాలా దూరం నుంచి.

"నేనీడున్న. ఈ చేతులతోటి ఏం కొట్టాలె?"

స్రవంతి చప్పట్లు ఎడమ చెవి దగ్గరే మోగుతున్నాయి. చెంచా నా మోకాలి కిందే ఉంది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. మరి ఎదురుగా... ఎవరు?

లేచి పారిపోవాలి కదా? పోలేదు. నా చేతులు ఆగలేదు. ఒట్టు, ఆపుదామన్నా ఆగలేదు. ఇంకో సంగతి చెబుతాను, తిట్టుకోండి. అంత భయంలోనూ నాకు కుళ్లు పుట్టింది. ఎందుకంటే అది నాకంటే బాగా కొడుతోంది. నేను తడబడితే ఆగి, నన్ను అందుకుని, మళ్లీ నడిపిస్తోంది. "పిల్లి దూకె" అన్న చోట టకటకటకటక అని పిల్లి పరుగెత్తినట్టే కొట్టింది. నాకు ఇన్నాళ్లలో ఎప్పుడూ తట్టలేదు అది! చీకట్లో ఆడవాళ్లు మురిసిపోతున్నారు. "అబ్బబ్బ, ఆ చెంచా ఏం కొడ్తాంది సూడే!" అంటున్నారు. డోలక్ ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

ఠక్కున లైటు వెలిగింది.

ఎదురుగా చాప. అంతే. ఇసుక వేస్తే రాలనంత మంది ఉన్న గదిలో, నా ముందు ఒక మనిషి కూర్చునేంత జాగా ఖాళీగా ఉంది. దాని చుట్టూ ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని సర్దుకుని కూర్చున్నారు.

డోలక్‌ను ఒడిలోంచి తోసేశాను. మోకాలి కింద నుంచి చెంచా లాగి చూశాను. ఇంకేముంది! చెంచా నా చేతిలో కనబడగానే అందరూ, "నువ్వేనా బిడ్డా! ఏం కొట్టినవే!" అని నా మీద పడ్డారు. దాదీమా నాకు మెటికలు విరిచింది. రుబీనా రెండు అరచేతులు చాపి నిలబడింది. మెహెందీ గీత ఒక్కటీ చెదరలేదు.

అప్పుడు చూశాను. ఆ ఖాళీ జాగాకు వెనకే అమ్మీ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలీదు.

తర్వాత మెట్ల దగ్గర స్రవంతిని అడిగాను. "నువ్వే ఒక చేత్తోటి డోలక్, ఒక చేత్తోటి చెంచా కొడ్తానవనుకున్న," అంది. రుబీనాను అడిగాను. "చెంచానా? నాకేం ఇనవడలే షాహీన్. నీ డోలక్ ఒక్కటే ఇనవడ్డది. మస్తు వాయించినవ్," అంది. నాకు పిచ్చి కోపం వచ్చింది. గదంతా విన్నది దీనికి వినబడకపోవడం ఏమిటి? నాకు పేరు వచ్చిందని ఓర్వలేకపోతోందా? లేక నిజంగానే దానికి వినబడలేదా... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆటోలో ఖాలా ఇంటికి, అంటే మా పిన్ని ఇంటికి పోతున్నాం. నేనూ అమ్మీ. నా పళ్లు టకటకలాడుతున్నాయి. చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మీయే ముందు మొదలుపెట్టింది.

"నేనచ్చేసరికే కరెంటు పాయె. ఎవరో పిల్ల నా చెయ్యి వట్టుకొని తెచ్చి కూసుండవెట్టింది. ఇంతల నువ్వస్తివి. 'జర జరుగు అమ్మీ' అని నా భుజం మీద చెయ్యేసి, నన్ను దాటుకుంట పోయి ముంగట కూసుంటివి."

"నేనా?"

"నువ్వు గాక? నా బిడ్డ గొంతు నాకు ఎర్కలేదా? నా బిడ్డ చెయ్యి నాకు ఎర్కలేదా?"

నేను అప్పటికే డోలక్ ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాను. అమ్మీ వచ్చిందని కూడా నాకు తెలీదు. ఈ మాటలు గొంతు దాకా వచ్చాయి. అమ్మీ నా కుడిచెయ్యి తీసుకుంది.

"నిజం జెప్తాన బేటా. ఇయ్యాల రుబీనా డోలక్ ఏం లేదు. దాని కన్న నువ్వే మేలు. అంత నీ చెంచానే." అని నా వేళ్లను ముద్దు పెట్టుకుంది.

ఆ డోలక్ రుబీనాది కాదు, నాది. ఆ చెంచా నాది కాదు. అది చెబితే అమ్మీ భయపడి ఇంకెక్కడికీ పాటకు పంపదు. పైగా... ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. ఎన్నాళ్లుగా ఎదురుచూసిన మాట!

"ఔనమ్మీ," అన్నాను.

నా భ్రమో, గదినిండా జనం భ్రమో, ఇంకేదైనానో... నాకు ఇప్పటికీ తెలీదు. అమ్మీ మాత్రం ఊరుకోలేదు. చుట్టాలందరికీ చెప్పుకుంది. వచ్చే జుమ్మా, అంటే శుక్రవారం రాత్రి రఘునాథపల్లిలో ఒక మాంఝా ఉంది. మొట్టమొదటిసారి నన్ను పేరుపెట్టి పిలిచారు... చెంచా కొట్టడానికి. అమ్మీ ముందు వరసలో కూర్చుంటుంది. ఆ పిల్లి పరుగు కోసం గదిలో తలుపేసుకుని రోజూ కొట్టి చూస్తున్నాను. నాకు రావడం లేదు. ఆ రాత్రి అది మళ్లీ వచ్చి కూర్చుంటుందేమోనని చచ్చేంత భయంగా ఉంది. రాకపోతే అమ్మీకి ఏం వినిపించాలో నాకు తెలియడం లేదు.